అమెచ్యూరు రేడియో పోటీలు: నియమములు, వాని అమలు
(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన సంఘపు యువకులు కొందరు అమెచ్యూరు రేడియో పరీక్షయందు ఉత్తీర్ణులై లైసెన్సులు పొందిన సంగతి మీరెరుగుదురు. తెలుగు మాట్లాడు రేడియో మిత్రులకు ఒక పోటీ మన సంఘము పక్షమున జరుపవలెనని వారు సంకల్పించి, నియమావళి ముసాయిదా వ్రాసి, దానిపై అభిప్రాయము చెప్పుమని మమ్ము కోరిరి. మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి కొట్టు పెట్టుకొన్న వారము. విద్యుత్తరంగముల శాస్త్రమున మాకు ప్రవేశము లేదు. అయినను తూకము, పద్దు, తనిఖీ అను మూడింటి నడుమనే మా బ్రతుకు సాగుచున్నది గనుక, నియమములను గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు సాహసించుచున్నాము.

తెలియని వారికొరకు ముందుగా ఈ విద్య యెట్టిదో చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వమువారు పరీక్ష జరిపి, పండ్రెండేండ్లు నిండిన ఎవరికైనను, ఉత్తీర్ణులైనచో, సొంత ప్రసార యంత్రము నడుపుకొనుటకు లైసెన్సు ఇత్తురు. దానితోపాటు వీయూ అను అక్షరములతో మొదలగు పిలుపు పేరు ఒకటి వచ్చును. ఆ పేరుతోనే ప్రపంచమంతట ఆ మనిషిని గుర్తింతురు. ఈ యంత్రముపై వ్యాపారపు మాటలు మాట్లాడరాదు. కావున మావంటి వారికి అందు అమ్ముకొనుటకేమియు లేదు. తోటివారితో మాట్లాడుట, ప్రయోగములు చేయుట, ఆపదలో ఆదుకొనుట, ఇదియే దాని పని. మన తెలుగువారికి ఈ విద్యలో పెద్ద దిక్కు హైదరాబాదులో 1983లో స్థాపింపబడిన జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థ. 2004 డిసెంబరులో ఆ సంస్థ పక్షమున శ్రీమతి భారతి ప్రసాద్ గారి బృందము అండమాను దీవులనుండి ప్రసారములు చేయుచుండగా, 26వ తేదీన సునామీ వచ్చెను. అంతవరకు లోకమంతటితో వినోదమునకు మాటలాడుచున్న ఆ యంత్రములే, టెలిఫోనులు మూగవోయిన ఆ దినములలో దీవుల క్షేమ సమాచారములు అందించెను. వినోదమునకై చేసిన సాధన ఆపత్కాలమున ఎట్లు అక్కరకు వచ్చునో చెప్పుటకు ఇంతకంటె వేరు నిదర్శనము వలదు. పోటీలు ఆ సాధనలో ఒక భాగము.

ఇంకొక మాట. మన ఆవర్‌పూర్ నేడు కోర్పనా తాలూకాలో నున్నది. అది పూర్వము రాజూరా తాలూకాలోని ప్రాంతమే. ఆ రాజూరా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. రాష్ట్రముల పునర్విభజనలో అది అటునుండి ఇటు వచ్చినది, మనము భాషాల్పసంఖ్యాకులమైతిమి. ఆకాశమున ఆ గీత లేదు. ఆదిలాబాదువారును, చంద్రపూరువారును, హైదరాబాదువారును ఒకే గంటలో ఒకే భాషలో పలుకరించుకొనగల వేదిక ఇది. కనుకనే ఈ పోటీ సవ్యముగా జరుగవలెనని మాకింత పట్టుదల.

ఇక పోటీ యెట్లుండునో చూతము. ప్రపంచములో మిక్కిలి పేరుపొందినది సీక్యూ వరల్డ్ వైడ్ అను పోటీ. ప్రతి యేట అక్టోబరు చివరి వారాంతమున మాటలతోను, నవంబరు చివరి వారాంతమున మోర్సు సంకేతములతోను జరుగును. మన కాలమానము ప్రకారము శనివారము వేకువ 5-30కు మొదలై, సోమవారము వేకువ 5-30కు ముగియును. ఈ 48 గంటలలో ఎంతమందిని, ఎన్ని దేశములవారిని, ఎన్ని మండలములవారిని పలుకరించితిమన్నదే లెక్క. లోకమును 40 మండలములుగా విభజించిరి. మన దేశము 22వ దానిలో నున్నది. ఇతర ఖండములవారితో మాట్లాడినచో 3 మార్కులు. మన ఖండమునందలి పరదేశీయునితోనైన 1 మాత్రమే. స్వదేశీయునితోనైన మార్కులే లేవు. దీనిలోనే ఒక అసమానత గలదు. దక్షిణ అమెరికా ఉత్తరపు టంచున నున్న దీవిలో కూర్చున్నవానికి, ఉత్తర అమెరికా చెంతనే యుండియు, వేరు ఖండమగుటచే, పిలిచిన ప్రతివాడును 3 మార్కులు తెచ్చిపెట్టును. అందుచేతనే ధనవంతులైన పోటీదారులు విమానమెక్కి అట్టి దీవులకు పోవుదురు. అది మోసము కాదు. అంగడికి నాలుగు రోడ్ల కూడలిలో స్థలము కొనుక్కొనుట వంటిది. స్థలబలము, ధనబలము చూచి అన్యాయమని యేడ్చుట మాకు సమ్మతము కాదు. నియమము ఉల్లంఘించుట యన్నది వేరు మాట, మనము విచారింపవలసినది దానినే.

ఈ పోటీలకు తనిఖీ యెట్లు జరుగును? ఇక్కడనే మా కొట్టు అనుభవము పనికివచ్చినది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినది గదా. అమ్మినవాడు తన పత్రములో బిల్లు చూపవలెను; కొన్నవాడు తాను కట్టిన పన్నుకు జమ కోరవలెను. 2022 జనవరి నుండి, అమ్మినవాని పత్రములో కనబడని బిల్లుకు కొన్నవానికి జమ లేదు. ఒక్క వ్యవహారము రెండు పుస్తకములలో కనబడవలెను, కనబడనిది చెల్లదు. రేడియో పోటీయందును అచ్చముగా ఇదియే పద్ధతి. ప్రతి సంభాషణమును ఇరువురును తమ తమ లాగ్ పుస్తకములలో వ్రాసికొందురు. ఆ పుస్తకములన్నియు నిర్వాహకుల కంప్యూటరుకు చేరును. మీ పుస్తకములో ఆయన పేరుండి, ఆయన పుస్తకములో మీ పేరు లేకున్నచో, ఆ పద్దు కొట్టివేయుదురు. పైగా మరికొన్ని మార్కులు దండుగ వేయుదురు. పిలుపు పేరులో ఒక్క అక్షరము తప్పు వ్రాసినను అంతే. ఒకే మనిషిని ఒకే పట్టీపై రెండుసార్లు పలుకరించినచో, రెండవది లెక్కలోనికి రాదు గాని దండుగ లేదు. ఈ భేదము మాకు నచ్చినది. పొరపాటు వేరు, లేనిది ఉన్నట్లు చూపుట వేరు.

వేలకొలది పుస్తకములలో ఒక్క పుస్తకములో మాత్రమే కనబడు పిలుపు పేర్లుకూడ నుండును. అట్టివి ఒకటి రెండయినచో ఎవడో దారినపోవువాడు పలుకరించెననుకొనవచ్చును. వందలలో నున్నచో, ఊరు పేరు లేని పార్టీల పేర బిల్లులు పుట్టించు వ్యాపారి జ్ఞప్తికి వచ్చును.

పుస్తకములు పంపుటకు సీక్యూ పోటీవారు 5 దినముల గడువు మాత్రమే ఇచ్చుచున్నారు. ఏలయనగా, పోటీ ముగిసిన పిమ్మట తీరికగా కూర్చుండి, ఇంటర్నెట్టులోని జాబితాలతో సరిచూచుకొనుచు, అక్కరములు దిద్దుకొనుట నిషిద్ధము. వినినది వినినట్లే పంపవలెను. గడువు దీర్ఘమైనకొలది దిద్దుబాటునకు చోటు దొరకును. తరువాత ఆ పుస్తకములన్నిటిని అందరును చూచుటకు వీలుగా బహిరంగము చేయుదురు. పై స్థానములకు పోటీపడువారు తమ ప్రసారమంతయు ధ్వనిముద్రణ చేసి యుంచుకొనవలెను, అడిగినచో చూపవలెను. ఇవిగాక, లోకమున అనేకచోట్ల స్వయంచాలిత గ్రాహకయంత్రములు నిలిపియున్నారు. అవి ఎవరి సంకేతము ఏ నిమిషమున ఏ స్థానమున ఎంత బలముతో వినబడెనో తమంత తామే వ్రాసికొనును. ఒకడు ఒకేసారి రెండుచోట్ల పిలిచినను, హఠాత్తుగా బలము పెంచినను, ఆ లెక్కలలో జాడ మిగులును.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని మూడు సంగతులు ఈ వలలో చిక్కవు.

మొదటిది ప్రసారబలము. సీక్యూ పోటీలో 5 వాట్ల తరగతి, 100 వాట్ల తరగతి, 1500 వాట్ల తరగతి యని భేదములు గలవు. ఎవని గదిలో ఎన్ని వాట్లు వెలువడుచున్నవో పరదేశమున నున్న నిర్వాహకునికి ఎట్లు తెలియును? సంకేతబలము చూచి ఊహింపవచ్చును గాని, ఏరియల్ ఎత్తు, ఆకాశపు స్థితి, స్థలము, ఇవన్నియు బలమును మార్చును. కాబట్టి ఊహ సాక్ష్యము కాజాలదు. మన దేశమున సాధారణ శ్రేణి లైసెన్సుదారు హ్రస్వతరంగములపై 400 వాట్లకు మించరాదు. పరిమిత శ్రేణివాడు 50 వాట్లకు మించరాదు. పోటీ నియమము 1500 ఒప్పినను, మన చట్టము ఒప్పదు. ఎవడైనను తన దేశపు లైసెన్సునకు లోబడియే పోటీ చేయవలెనని ఆ పోటీవారే చెప్పుచున్నారు. 1500ను 400తో భాగించినచో మూడుముప్పాతిక రెట్లగును. బలము నాలుగు రెట్లు పెరిగిన గ్రాహకయంత్రపు ముల్లు ఒక గీత ముందుకు జరుగునని మన యువకులు మాకు చెప్పిరి. అనగా చట్టమునకు కట్టుబడిన మనవాడు ఇంచుమించు ఒక గీత వెనుకనే నిలిచి పరుగు మొదలిడును. అది అతని దేశపు చట్టము, సహింపవలెను. కాని అతని ప్రక్కనే కూర్చున్న 100 వాట్ల తరగతివాడు రహస్యముగా 400 వాట్లు వాడినచో? ఆ నియమము ఎవరిని కట్టినది? సత్యవంతుని మాత్రమే కట్టినది. దొంగకు దానివలన లాభమే చేకూరినది.

రెండవది పరసహాయము. ఎవరెవరు ఎక్కడ వినబడుచున్నారో ఇంటర్నెట్టులో క్షణక్షణము ప్రకటించు జాబితాలు గలవు. వానిని చూచువాడు ఒక తరగతి, తన చెవులనే నమ్ముకొన్నవాడు మరియొక తరగతి. గది తలుపు మూసికొన్న తరువాత చెవి యేదో, తెర యేదో ఎవడు చెప్పగలడు?

మూడవది ఒంటరి పోటీ. ఒక్కడే 48 గంటలు కూర్చుండవలెనన్న తరగతిలో, నడిరాత్రి తమ్ముడు వచ్చి నాలుగు గంటలు కూర్చున్నచో, గొంతు పోలిక యున్న ఇంట కనిపెట్టుట కష్టము.

ఈ మూడవ దానికి సాటి మన సంక్రాంతి ముగ్గుల పోటీయే. ఎవరి వాకిట వారే, ఒక్కరే వేయవలెనని నియమము పెట్టిన యేట ఏమైనదో అమ్మలక్కలకు జ్ఞాపకముండును. తెల్లవారుజామున నాలుగింటికి ఇంటిల్లిపాదియు వాకిట నుండిరి. మేనత్తలు చుక్కలు పెట్టిరి, కోడండ్రు రంగులు నింపిరి. ఒంటరిగా వేసికొన్న ఒక పడుచు కంట నీరు పెట్టుకొనెను. మరుసటి యేట బడి మైదానమున సున్నముతో సమానమైన గడులు గీసి, అందరి యెదుట, ఒకే రెండు గంటల వేళలో వేయించిరి. అప్పటినుండి తగవు లేదు.

ప్రపంచ రేడియోవారును ఇదే దారికి వచ్చిరి. 1990లో అమెరికాలోని సియాటిల్‌లో వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ చాంపియన్‌షిప్ అను పోటీ మొదటిసారి జరిగెను. రానురాను దాని పద్ధతి బిగువెక్కెను. 2014లో బోస్టను ప్రాంతమునను, 2018లో జర్మనీ దేశమునను ఆరుబయట సమానమైన స్థలములలో డేరాలు వేసి, అందరికిని ఒకే విధమైన ఏరియళ్ళు నిలిపి, 100 వాట్లకు మించకుండ కట్టుదిట్టము చేసి, ఒక్కొక్క డేరాలో ఒక న్యాయనిర్ణేతను కూర్చుండబెట్టిరి. ఇద్దరేసి జట్టుగా 24 గంటలు పోటీ. పిలుపు పేరుకూడ పోటీకి కొద్ది నిమిషముల ముందు మాత్రమే చేతికిత్తురు. అందుచేత ఎవరు ఎవరో బయటివారికి తెలియదు, స్నేహితులు స్నేహితులకు మార్కులు కట్టబెట్టుట కుదురదు. స్థలబలము లేదు, ధనబలము లేదు. చెవియు, నేర్పును మిగిలినవి. కాని దీనికగు ఖర్చు కొద్దిది కాదు. మన సంఘపు పెట్టెలో అంత సొమ్ము లేదని కోశాధికారిగారు ఇప్పుడే తల యూపుచున్నారు.

ఖర్చు లేని మార్గము ఇంకొకటి గలదు. అమలు చేయలేని భేదమును తీసివేయుట. జర్మనీ సంఘమువారు నడుపు ఐరోపా పోటీలో ఇంటర్నెట్టు జాబితాలు చూచుటకు అన్ని తరగతులవారికిని అనుమతి యిచ్చిరి. చూచినవాడెవడు, చూడనివాడెవడు అను ప్రశ్నయే అక్కడ పుట్టదు. అమెరికా సంఘమువారు 2015 నుండి తమ వీహెచ్‌ఎఫ్ పోటీలలో, నేనిక్కడ పిలుచుచున్నానని తన్ను తాను ఇంటర్నెట్టులో చాటుకొనుటను ఒప్పుకొనిరి. దీనిని కొందరు పెద్దలు విద్యకు పతనమని నిందింతురు. పట్టలేని దొంగతనమును తప్పని వ్రాసి యుంచుటకంటె, అందరికిని సమముగా ద్వారము తెరచుట మేలని మా అభిప్రాయము. చెవుల నేర్పే ముఖ్యమనువారు, ఎదుట కూర్చుండబెట్టి పరీక్షించు ఏర్పాటు చేయవలెను, లేదా ఊరకుండవలెను.

ఇప్పుడు మన ముసాయిదాకు వత్తము. బాలురు శ్రద్ధతో వ్రాసిరి, సందేహము లేదు. కాని అందు, పోటీదారుడు 25 వాట్లకు మించి వాడరాదని యున్నది. ఎవరు చూతురు? దానికి బదులుగా లైసెన్సు శ్రేణినిబట్టియే రెండు తరగతులు చేయుడు: సాధారణ శ్రేణివారొకటి, పరిమిత శ్రేణివారొకటి. లైసెన్సు నకలు దరఖాస్తుతో జతపరచవలెను. అప్పుడు 50 వాట్ల హద్దును కాపాడునది ప్రభుత్వపు చట్టమే. దానిని మీరినవాడు మన బహుమతి నొక్కదానినే గాక లైసెన్సునే పణముగా పెట్టుచున్నాడని ఎరుగును. కాగితము మనము చూడగలము, వాట్లు చూడలేము.

ఇంటర్నెట్టు చూడరాదను నియమమును కొట్టివేయుడు. ఇతరుల సహాయము పొందరాదను దానిని గూడ కొట్టివేసి, ఒక పిలుపు పేరునకు ఒక పుస్తకము అని మాత్రము వ్రాయుడు. తండ్రీకొడుకులు కలిసి కూర్చున్నచో కూర్చుండనిండు. అది మనకు సంతోషమే.

మార్పిడి విషయము మాకు ముఖ్యముగా తోచినది. పెద్ద పోటీలలో ఒకరికొకరు సంకేతబలము చెప్పుకొనవలెను. కాని లోకమంతయు అందరికిని 59 అనియే చెప్పుచున్నది! మూడుసార్లు అడిగినగాని పేరు వినబడనివానికి గూడ, మీరు దివ్యముగా వినబడుచున్నారు, 59 అందురు. మా వర్తకములో నాసిరకపు సరుకుకు మొదటి రకమని చీటి వ్రాసినచో ఏమందురో చెప్పనక్కరలేదు. 59 అనునది వినకయే వ్రాయవచ్చును. మండలము సంఖ్యయు దేశము పేరునుబట్టి వ్రాయవచ్చును. వరుస సంఖ్యను మాత్రము వినినగాని వ్రాయలేరు. అందుచేత మన పోటీలో ప్రతివాడును తన సంభాషణముల వరుస సంఖ్యను, తన ఊరిపేరును చెప్పవలెను. మీరు నాకు 37 అని చెప్పితిరి, నేను 37 అని వ్రాసితిని. మీ పుస్తకములోను నా యెదుట 37 అనియే యున్నది. ఇంతకు మించిన సాక్ష్యము కోర్టులోను దొరకదు.

రెండు పుస్తకములు సరిచూడవలెనన్నచో రెండును చేతికి రావలెను గదా. గెలువము లెమ్మని పుస్తకము పంపకుండ నూరకుండువారివలన, వారితో మాట్లాడిన సత్యవంతునికి నష్టము కలుగును. రెండు సంభాషణములు చేసినవాడు గూడ తన పుటను పంపవలెనని ముందుగానే ప్రార్థింపుడు. ఆ పుట చేరనిచోట పద్దును కొట్టివేయక, లెక్కలోనికి తీసికొనకయు, ప్రక్కన నుంచుడు. అందులకు దండుగ వేయకుడు.

కాలము సంగతి. ముసాయిదాలో రాత్రి 8 గంటలనియున్నది. రాత్రిపూట 40 మీటర్ల పట్టీపై దూరదేశములు వినబడును గాని దగ్గరవారు దాటిపోవుదురనియు, ఇక్కడికిని హైదరాబాదునకును నడుమ మాట సాగుటకు పగలే మేలనియు మనవారే యొప్పుకొనిరి. ఆదివారము ఉదయము 9 నుండి 12 వరకు పెట్టుడు. హైటెన్షన్ తీగెల క్రింద ఇండ్లున్నవారికి గరగర యెక్కువగునని ఫిర్యాదు వచ్చినది. దానికి నియమము లేదు. మైదానమునకు పోయి ఏరియల్ కట్టుకొనుడని సలహా గలదు.

ముసాయిదా చివర ప్రమాణపత్రమొకటి యున్నది. దానిని తీసివేయుమని మేము చెప్పము. ప్రమాణము సత్యవంతునికి గౌరవము. అయితే దానిని నియమములతో కలుపక వేరు పుటపై వ్రాయుడు. పిలుచువాని మాట ముగియనిచ్చుట, బలహీనముగా వినబడువానికి చోటిచ్చుట, ఇతరుల స్థానముపై పడి ప్రసారము చేయకుండుట, ఇవన్నియు మర్యాదలు. వాని పుట వేరుగా నుండవలెను. శిక్ష వేయదగినవి మాత్రమే నియమముల పుటపై నుండవలెను. రెండింటిని కలగాపులగము చేసినచో, మర్యాద తప్పినవాడు దొంగయనిపించుకొనును, దొంగ మర్యాదస్తుడుగా తప్పించుకొనును.

ఇది చిన్న సంగతియని కొందరు తలంచుచున్నారు. ఒక షీల్డు కొరకు ఇంత విచారణ యేలయని ఒక పెద్దమనిషి మమ్మడిగిరి. మనము ఇక్కడ వ్రేళ్ళపై లెక్కింపదగిన గడపలము. పిల్లవాడొకని మోసగాడని సాక్ష్యము లేక అనుమానించినచో, రెండు కుటుంబములు మాటలు మానును; బతుకమ్మ నాడు రెండు వలయములు ఏర్పడును. అట్టిది జరుగకుండవలెనన్నచో, నిందవేయుటకు ముందు కాగితము చూపవలెను. నిర్ణేతలు మువ్వురుండవలెను; వారెవరును పోటీచేయరాదు, పోటీదారుల బంధువులును కారాదు. కనుక ఒకరిని మన సంఘమునకు వెలుపలనుండి, లైసెన్సుగల పెద్దలలోనుండి, పిలుచుట మంచిది. ఎవరి పద్దు కొట్టివేసినను, ఎదుటివాని పుటలోని పంక్తిని అతనికి చూపవలెను. వారము దినములు జవాబునకు గడువు. అటుపిమ్మట పుస్తకములన్నియు సంఘ కార్యాలయమున బల్లపై నుంచబడును; చూడదలచినవారు వచ్చి చూడవచ్చును.

పుస్తకములు పోటీ ముగిసిన మూడవ దినమునకు చేరవలెనని మేము సూచించుచున్నాము. యువకులు వారము కోరుచున్నారు. ఈ ఒక్క విషయమున ఒప్పందము కుదురలేదు. సభవారు నేడే తీర్మానించినచో, సవరించిన నియమావళిని వచ్చే సంచికలో ప్రకటించుటకు కార్యదర్శిగారు సిద్ధముగా నున్నారు.